ప్రశ్నకు పుట్టుపూర్వోత్తరాలు ఉండాల్సిందే!

2024 నీట్‌లో ఫిజిక్స్ ప్రశ్న ఒకటి ఏకంగా సుప్రీంకోర్టు మెట్లెక్కింది. ‘ప్రతి మూలకం పరమాణువులూ స్థిరంగా ఉంటాయి’ అన్న వాక్యం ఒప్పా, తప్పా? పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో అలాగే ఉంది. కొత్త పుస్తకంలో ‘ప్రతి మూలకం’ కాస్తా ‘చాలా మూలకాలు’గా మారింది. ఎన్‌టీఏ రెండు జవాబులకూ మార్కులిచ్చింది. ఐఐటీ దిల్లీ నిపుణులు మాత్రం నాలుగో ఆప్షన్ ఒక్కటే సరైందన్నారు. రెండో ఆప్షన్ పెట్టిన నాలుగు లక్షల మందికి పైగా విద్యార్థులకు నాలుగు మార్కులు పోయి, పైగా మైనస్ ఒకటి పడింది. 720కి 720 వచ్చిన 44 మంది ఆ జాబితా నుంచి జారిపోయారు.

మన దగ్గర జరిగేది ఇదీ

కాలేజీల్లో, కోచింగ్ సెంటర్లలో ప్రశ్నపత్రం తయారీ అంటే చాలాచోట్ల నిరుటి వర్డ్ ఫైల్ తెరిచి కాపీ, పేస్ట్ కొట్టడమే. కీ వేరే ఫైల్లో ఉంటుంది. సెట్-బి కోసం ఆప్షన్లు అటూఇటూ మారుస్తారు, కీ మార్చడం మరిచిపోతారు. ఒక పేపర్లో దిద్దిన తప్పు మరో పేపర్లో అలాగే మిగిలిపోతుంది. ఇక తెలుగు మీడియం ప్రశ్నలు అను ఫాంట్లలో ఉంటే, యూనికోడ్‌లోకి మార్చేదాకా మామూలుగా వెతికినా దొరకవు.

దారి ఏంటి?

ప్రతి ప్రశ్ననూ ఒక్కసారే, ఒక్కచోటే రాసిపెట్టుకోవాలి. జవాబు, వివరణ, అధ్యాయం, కఠినత, ఏ పుస్తకం ఏ ముద్రణ, గతంలో ఎప్పుడు వాడారు.. ఇవన్నీ దాని పక్కనే ఉండాలి. పేపర్ అంటే అందులోంచి ఏరుకున్న జాబితా మాత్రమే. లేటెక్‌లోని ‘ఎగ్జామ్’ క్లాస్‌లో సరైన ఆప్షన్‌కు ప్రశ్నలోనే గుర్తు పెడతాం. ఒక్క కమాండ్ ఇస్తే అదే ఫైల్ జవాబులతో సహా ప్రింటవుతుంది. ‘ఆటో మల్టిపుల్ చాయిస్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ప్రశ్నల్ని, ఆప్షన్లని కలిపేసి రకరకాల సెట్లు తయారుచేస్తుంది, స్కాన్ చేసిన జవాబు పత్రాలనూ దిద్దుతుంది. తెలుగుకైతే యూనికోడ్ ఫాంట్‌తో జీలేటెక్ వాడొచ్చు.

జాగ్రత్తలూ ఉన్నాయ్. ‘పైవన్నీ’ అనే ఆప్షన్ కలిపేస్తే పైకి పోయి కూర్చుంటుంది, దాన్ని చివర్లోనే ఉండేలా కట్టేయాలి. ‘ఎ, సి మాత్రమే’ లాంటివి ఉన్న ప్రశ్నల్లో ఆప్షన్లను అసలు కదపకూడదు. బ్యాంకు మొత్తం ఒకేచోట ఉంటుంది కాబట్టి, బయటికి పొక్కితే నష్టమూ మొత్తంగానే. ఎవరెవరు తెరవొచ్చో ముందే తేల్చుకోవాలి.

పుస్తకం మారిందని ఏ సాఫ్ట్‌వేరూ తనంతట తాను చెప్పదు. కానీ ముద్రణ వివరం రాసిపెట్టుకుంటే, పాత పుస్తకం మీద ఆధారపడ్డ ప్రశ్నలన్నీ నిమిషంలో బయటికొస్తాయి. వాటిని పరీక్షకు ముందే నిపుణుడి ముందు పెట్టొచ్చు. ఆ పని ఆలస్యమైతే మూల్యం చెల్లించేది పేపర్ తయారుచేసినవాళ్లు కాదు, రాసినవాళ్లు.