పండుగనాటి భోజనము, ఫోనులోని తగ్గింపు

డిసెంబరు నెల సగము గడిచిందంటే చాలు, మన ఇండ్లలో ఫోనులు ఊరకుండవు. “60 శాతము తగ్గింపు”, “ఒకటి కొంటే ఒకటి ఉచితము”, “మీ కుటుంబమునకు పండుగ కానుక” అని గంటకొక సందేశము వస్తూనే ఉంటుంది. ఒకప్పుడు ఈ సందడి హైదరాబాదు, బెంగుళూరు వంటి నగరములకే పరిమితము. 2014లో బెంగుళూరులో మొదలైన స్విగ్గీ, 2015 నుండి ఇంటికి భోజనము చేరవేయడము ప్రారంభించిన జొమాటో ఇప్పుడు మన నంద్యాల వీధులలోనూ తిరుగుతున్నాయి. చాలామంది గృహిణులకు ఈ ఆఫర్లలో ఏది నమ్మాలో, ఏది విడిచిపెట్టాలో తెలియడము లేదు గనుక ఈ నెల ఆ సంగతే వ్రాయదలచాము.

పండుగనాడు బయటినుండి తెప్పించుకోవడము తప్పని మేము అనము. క్రిస్మసు ఉదయము మన ఇండ్లలో తల్లులు తెల్లవారుజామున నాలుగింటికే లేస్తారు. పిల్లలకు తలంటుపోసి, కొత్త బట్టలు వేసి, ఆరాధనకు సిద్ధపరచి, తిరిగి ఇంటికి వచ్చేసరికి ఒంటిగంట దాటుతుంది. (ప్రసంగము కాస్త సాగితే ఒంటిగంటన్నర.) అప్పుడు ఆమె పొయ్యి దగ్గర నిలబడితే మిగిలినవారు కబుర్లు చెప్పుకుంటూ ఆకలితో కూర్చుంటారు. ఆ తల్లి కూడా ఆనాడు నలుగురితోపాటు కూర్చొని తినవలెనంటే హోటలు బిరియాని మంచి ఉపాయమే. అయితే లెక్క చూసి తెప్పించుకోవాలి.

ఒక చిన్న లెక్క చూడండి. హోటలులో ఒక బిరియాని 240 రూపాయలు అనుకుందాము. అదే బిరియాని యాప్‌లో 290 అని ఉండవచ్చు. హోటలులో ఒక ధర, యాప్‌లో మరొక ధర ఉండడము ఇప్పుడు మామూలైపోయినది. మూడు బిరియానీలకు 870. “60 శాతము తగ్గింపు” అని పెద్ద అక్షరములతో ఉంటుంది గాని, దాని ప్రక్కనే “120 రూపాయల వరకు” అని చీమతలకాయంత అక్షరములు ఉంటాయి. కాబట్టి తగ్గేది 120 మాత్రమే. మిగిలిన 750కి ప్యాకింగు 30 కలిపితే 780. దానిపై జీఎస్టీ 5 శాతము, అంటే 39. ఇంటికి చేర్చినందుకు 38, ప్లాట్‌ఫారం ఫీజు 12, ఈ రెండింటిపై 18 శాతము పన్ను 9 రూపాయలు. మొత్తము 878. మన పిల్లవాడు సైకిలు మీద వెళ్ళి తెస్తే 720కి పన్నుతో కలిపి 756. అంటే తగ్గింపు పోగా కూడా మనము 122 రూపాయలు ఎక్కువ ఇచ్చాము! గుమ్మము వరకు తెచ్చినందుకు ఆ మాత్రము ఇవ్వడము న్యాయమే. కాని అది కానుక కాదు, కూలి అని మాత్రము తెలిసి ఉండాలి.

ఇంకొక సంగతి. తక్కువ అమ్మకము గల చిన్న హోటలువారు తమ బిల్లులో జీఎస్టీ వేయరు. అదే హోటలునుండి యాప్ ద్వారా తెప్పించుకుంటే, 2022 జనవరి 1 నుండి ఆ 5 శాతము పన్ను యాప్ కంపెనీవారే వసూలు చేసి ప్రభుత్వమునకు కట్టాలి. ఆ ప్లాట్‌ఫారం ఫీజు కూడా 2023లో 2 రూపాయలతో మొదలైనది. 2025 సెప్టెంబరు నాటికి జొమాటోలో 12 రూపాయలైనది. రెండు రూపాయలే కదా అని అప్పుడు ఎవరమూ పట్టించుకోలేదు.

సరే, ఈ తగ్గింపు ఎవరి జేబులోనుండి వస్తుంది? కొంత కంపెనీది, కొంత హోటలువారిది. హోటలువారు ప్రతి ఆర్డరు మీద కమీషను కూడా ఇచ్చుకోవాలి. పెద్ద తగ్గింపులతో తాము నష్టపోతున్నామని 2019 ఆగస్టులో దేశములో వందలాది హోటళ్ళు కొన్ని యాప్‌ల పథకములనుండి వైదొలిగాయి. మన రాష్ట్రములోనే 2024 అక్టోబరు 14 నుండి స్విగ్గీకి అమ్మకములు ఆపుతామని ఆంధ్రప్రదేశ్ హోటళ్ళ సంఘము ప్రకటించినది. చర్చలు జరిగిన తరువాత ఆ నిర్ణయమును విరమించుకున్నారు. నంద్యాలలో ఏ చిన్న హోటలు యజమానినైనా నెమ్మదిగా అడిగి చూడండి, “ఆఫరు పెట్టకపోతే మా పేరు అడుగున పడిపోతుందండీ” అంటాడు.

హోటలు తరువాత బండి నడిపే అబ్బాయి. 2025లో సరిగ్గా క్రిస్మసునాడు, మరల డిసెంబరు 31న, ఈ డెలివరీ కార్మికుల సంఘములు సమ్మెకు పిలుపునిచ్చాయి. వారు అడిగినవి న్యాయమైన వేతనము, ప్రమాద భద్రత, పది నిముషములలో చేర్చాలనే తొందర లేకపోవడము. మనము “క్రిస్మసు శుభాకాంక్షలు” అని చెప్పుకునే గంటలోనే ఆ అబ్బాయికి పని ఎక్కువ. అతనికీ ఇంట్లో తల్లి ఉన్నది, అతనికీ ఆరోజు పండుగ కావచ్చును. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా చట్టము ప్రకారము ఈ కంపెనీలు తమ వార్షిక రాబడిలో 1 నుండి 2 శాతము కార్మికుల సంక్షేమమునకు ఇవ్వాలి. మన సంఘములలోని యువకులు ఎవరైనా ఈ పనిలో ఉంటే, ఈ-శ్రమ్‌లో పేరు నమోదు చేసుకున్నారో లేదో పెద్దలు అడిగి తెలుసుకోవడము మంచిది.

ఇక ఆళ్లగడ్డ సంగతి. నంద్యాలకు ఆళ్లగడ్డ నలభై కిలోమీటర్ల దూరము. నంద్యాల హోటలు పెట్టిన ఆఫరు ఫోనులో ఎంత ఊరించినా, వేడి బిరియాని అంత దూరము రాదు. బెంగుళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగము చేసే కుమారుడు, సెలవు దొరకక, అమ్మానాన్నలకు ఫోనులోనే పండుగ భోజనము పంపాలని చూస్తాడు. ఇది ప్రేమతో చేసే పనే, ఎగతాళి చేయవలసినది కాదు. కాని అవతల ఏమి జరుగుతుందో ఆలోచించండి. “ఓటీపీ చెప్పండి” అని తెలియని గొంతు అడిగితే ఆ పెద్దాయన భయపడతాడు. తెచ్చినది ముగ్గురికి సరిపోయే మసాలా బిరియాని. ఆ తల్లికి కావలసినది కాస్త సంగటి, నాటుకోడి పులుసు. అలా పంపదలచినవారు ముందుగా ఇంటికి ఫోను చేసి, ఏమి తింటారో, ఎన్నింటికి ఇంట్లో ఉంటారో అడిగి, ఫలానావాడు వస్తాడని చెప్పి పంపండి.

ఆళ్లగడ్డ వంటి ఊళ్ళలో ఇంతకంటే మంచి మార్గమున్నది. ఊరిలోని హోటలువానికి నేరుగా ఫోను చేయడమే. పదిమందికి, ఇరవైమందికి చెప్పేటప్పుడు ధర తగ్గించమని అడగడానికి మొగమాటపడనక్కరలేదు. కమీషను లేదు గనుక అతడు తగ్గించగలడు. మన క్యారియరు, మన గిన్నెలు ఇస్తే ప్యాకింగు ఖర్చు కూడా ఉండదు. వండిన మాంసాహారము గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచరాదు గనుక, ఆరాధన ఎప్పుడు ముగుస్తుందో చూసుకొని సమయము చెప్పాలి.

ఆఫర్ల పేరుతో వాట్సాప్‌లో వచ్చే “ఉచిత బిరియాని” లింకులను ముట్టుకోకండి. ఆర్డరు రాకపోతే యాప్‌లోనే ఫిర్యాదు చేయండి, గూగుల్‌లో కనబడిన నంబరుకు ఫోను చేయవద్దు. డబ్బు పోయినట్లయితే వెంటనే 1930కి, కంపెనీ న్యాయము చేయకపోతే వినియోగదారుల సహాయ నంబరు 1915కి చెప్పవచ్చును.

25వ తేదీ మధ్యాహ్నము వేటమాంసము కావలసినవారు హోటలువానికి 23వ తేదీ సాయంత్రములోగా చెప్పి, కొంత బయానా ఇచ్చి ఉంచండి. 24న సంతలో రద్దీ ఎక్కువగా ఉంటుంది.