అడిగి వెళ్ళినవాళ్ళు జవాబు చెప్పాలి

విశ్వవిద్యాలయం అనగానే మనకి పెద్ద గేటు, చెట్ల వరసలు, పట్టాలు పుచ్చుకుంటున్న పిల్లల ఫొటోలు గుర్తొస్తాయి. మన అమ్మాయికి అక్కడ సీటొస్తే చాలనుకుంటాం. లోపల ఏం జరుగుతోందో మనకెందుకులే అని ఊరుకుంటాం. కానీ అనంతపురం లాంటి కరువు నేలలో విశ్వవిద్యాలయం పట్టాలిచ్చే చోటు మాత్రమే కాదు. అది ఈ సీమ అడిగి సాధించుకున్న వాటా. ఆ గేటులో ఎన్నడూ అడుగుపెట్టని ఆడవాళ్ళకీ అందులో భాగముంది.

ఎలాగంటారా? 1937 నవంబరు 16న మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఇల్లు శ్రీబాగ్‌లో, కోస్తా, సీమ పెద్దలు కూర్చుని ఒక ఒడంబడిక చేసుకున్నారు. తుంగభద్ర, కృష్ణ, పెన్నా నీళ్ళలో సీమకు ముందు అవకాశం ఇవ్వాలన్న మాట అందులో ఉంది. దాంతోపాటే ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వాల్తేరులో ఒక కేంద్రం, అనంతపురంలో ఒక కేంద్రం ఉండాలన్న మాటా ఉంది. నీళ్ళూ చదువూ ఒకే కాగితం మీద అడిగారన్నమాట. ఆ చదువు అనంతపురానికి రావడానికి చాలాకాలం పట్టింది. 1968లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం పీజీ కేంద్రం వచ్చింది. అదే 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైంది. 2008లో ఇక్కడి ఇంజనీరింగు కాలేజీ కేంద్రంగా జేఎన్‌టీయూ అనంతపురం ఏర్పడింది. 2018లో కేంద్రీయ విశ్వవిద్యాలయం మొదలైంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే నేల మీద, ఒక్క పట్టణం చుట్టూ మూడు విశ్వవిద్యాలయాలు! వాన తక్కువైనా చదువుకు కొదవ లేదు.

మరి ఆ చదువు పల్లెకు ఏ రూపంలో చేరుతోంది? ఎక్కువగా సర్వే కాగితం రూపంలో. కరువు మీద, వలస మీద, పొదుపు సంఘాల మీద, రైతుల ఆత్మహత్యల మీద పరిశోధన చేసే పిల్లలు ప్రశ్నావళి పట్టుకుని ఊళ్ళోకి వస్తారు. మన ఆడవాళ్ళు మర్యాద తెలిసినవాళ్ళు. కలుపుకు పొయ్యే టైమైనా సరే మంచమేసి కూర్చోబెట్టి, చెంబుతో నీళ్ళిచ్చి, అడిగిందల్లా చెప్తారు. అప్పెంత, వడ్డీ ఎంత, బోరు ఎన్ని అడుగులకు ఎండింది, బెంగుళూరుకు ఎవరు పోయినారు, పసిబిడ్డల్ని ఎవరి దగ్గర వదిలినారు? ఇంట్లో చచ్చిపోయినవాళ్ళ గురించి అడిగినా కళ్ళు తుడుచుకుంటూ చెప్తారు. ఆ కాగితాలు తీసుకుని పిల్లలు వెళ్ళిపోతారు. ఆ మాటలు పట్టికలవుతాయి, పట్టికలు ఇంగ్లీషు గ్రంథమవుతాయి, గ్రంథం లైబ్రరీ బీరువాలో కూర్చుంటుంది. చదివిన పిల్లకి డాక్టరేటు వస్తుంది. సంతోషమే. కానీ చెప్పిన తల్లికి ఏమొచ్చింది?

నేను డబ్బు మాట అనడం లేదు. జవాబు మాట అంటున్నాను. ఇన్ని ఇళ్ళు తిరిగి మీరు కనుక్కున్నదేమిటి? అప్పుల్లో మునగని కుటుంబాలు ఏం చేసి మునగలేదు? ఆ సంగతి తెలిస్తే మొదట పనికొచ్చేది ఆమెకే కదా!

తెలియజేస్తే ఏమవుతుందో మన జిల్లాయే చూసింది. 2000 ఖరీఫులో చెనక్కాయ పంటను కాండం కుళ్ళు వైరస్ తెగులు ఊడ్చిపెట్టేసింది. ఎక్కణ్ణుంచి వచ్చిందని శాస్త్రవేత్తలు వెతికితే, గట్ల మీద పెరిగే వయ్యారిభామ కలుపు దగ్గర దొరికింది. దాని పుప్పొడిలో వైరస్ ఉంటుంది, తామరపురుగులు ఆ పుప్పొడిని పంట మీదికి మోసుకొస్తాయి. పూత రాకముందే ఆ మొక్కను పీకెయ్యండి, చేను చుట్టూ నాలుగు సాళ్ళు జొన్నో సజ్జో వెయ్యండి అని చెప్పారు. ఇంతకీ కలుపు పీకేది ఎవరు? ఆడవాళ్ళే. ఆ ముక్క వాళ్ళ చెవిన పడకపోతే ఎంత పెద్ద శాస్త్రమైనా చేనులోకి దిగదు.

ఇంకో ఉదాహరణ నెల్లూరు జిల్లాది. సారా వ్యతిరేక ఉద్యమం ఎక్కడ అంటుకుంది? దూబగుంటలో రాత్రిబడికి వెళ్ళిన ఆడవాళ్ళు, సారా వల్ల చితికిన ఒక ఇంటి కథను వాచకంలో చదివారు. అది తమ కథే అనుకున్నారు. 1992లో లేచిన ఆ కెరటానికి 1993 అక్టోబరు నాటికి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. తెలుగులో, తమ బతుకు గురించి రాసిన ఒక్క పాఠం అంత పని చేసింది. బీరువాల్లో ఉన్నవాటిలో అలాంటి పాఠాలు ఎన్ని ఉన్నాయో!

ఇక అడిగే తీరు సంగతి. కాగితంలో కుటుంబ యజమాని అని ఉంటుంది, అక్కడ మగవాడి పేరు రాస్తారు. ఆమె వృత్తి దగ్గరికొచ్చేసరికి 'గృహిణి'. విత్తనం కాయలు వలిచి, కలుపు తీసి, చెట్లు పీకి, కాయలు కోసి, గొడ్లకు మేత వేసినామె గృహిణి! 1991 జనాభా లెక్కల్లో, పని చేస్తున్నారా అన్న ప్రశ్నకు 'సొంత పొలంలో జీతం లేకుండా చేసే పనితో సహా' అన్న అర్థం వచ్చే మాట చేర్చారు. అప్పటిదాకా లెక్కకు రాని ఆడవాళ్ళను చూపించడానికే ఆ చేర్పు. ప్రశ్న మారితే మనిషి కనిపిస్తుంది. పట్టాదారు పాసుపుస్తకం ఆమె పేరున లేదు గనక ఆమె రైతు కాదని దఫ్తరు అనవచ్చు. విశ్వవిద్యాలయమూ అదే మాట అంటే ఇక చదువెందుకు?

విశ్వవిద్యాలయం పని చదువు చెప్పడం, పరిశోధన చెయ్యడం. ఊళ్ళు బాగుచెయ్యడం కాదు అనేవాళ్ళున్నారు. కానీ చదువు చెప్పడం, పరిశోధనలతో సమానంగా, జనంలోకి వెళ్ళడం మూడో బాధ్యత అని 1977లోనే యూజీసీ చెప్పింది. అమెరికాలో 1862 చట్టంతో భూములిచ్చి కాలేజీలు పెట్టించారు. 1914లో ఇంకో చట్టం చేసి ఆ కాలేజీల చదువును పొలాలకూ వంటిళ్ళకూ చేర్చే ఏర్పాటు చేశారు. పరిశోధన తక్కువైందని అక్కడెవరూ ఏడవలేదు.

అధ్యాపకులు చాలరు, నిధులు లేవు అన్నది మాత్రం నిజమైన ఇబ్బందే. అందుకే పెద్ద కోరికలు కోరడం లేదు. ఏ ఊళ్ళో సర్వే చేశారో ఆ ఊరికి, పట్టా పుచ్చుకునే ముందు, రెండు పేజీల తెలుగు కాగితం ఇవ్వాలి. పొదుపు సంఘం సమావేశంలోనో గ్రామసభలోనో దాన్ని చదివి వినిపించాలి. చదవడం రానివాళ్ళు ప్రశ్నలడిగితే ఓపిగ్గా చెప్పాలి. జాతీయ సేవా పథకం పిల్లలు ఊరికొచ్చినప్పుడు రోడ్లూడ్చి ఫొటో దిగడంతో సరిపెట్టకుండా, తాగేనీళ్ళు సీసాలో పట్టుకుపోయి ఫ్లోరైడు ఎంతుందో కెమిస్ట్రీ ల్యాబులో చూసి, ఆ అంకె నీళ్ళు మోసే ఆమెకే చెప్పాలి. వీటికి కొత్త భవనాలక్కర్లేదు. కావలసింది మనసు.

మనం చెయ్యవలసిందీ ఒకటుంది. మన ఇళ్ళ నుంచే ఇప్పుడు ఆడపిల్లలు ఎమ్మేలకీ పరిశోధనలకీ వెళ్తున్నారు. పల్లె మాట, యాస తెలిసిన పిల్లలు వాళ్ళు. నువ్వు రాసింది మన ఊరికి తెలుగులో చెప్పు తల్లీ అని వాళ్ళకి మనమే నేర్పాలి. ఈసారి ఎవరైనా కాగితాలు పట్టుకుని గడపలోకొస్తే మంచమేద్దాం, నీళ్ళిద్దాం, అడిగినవన్నీ చెబుదాం. చివర్లో మాత్రం ఒక ప్రశ్న మనమూ అడుగుదాం: "ఏమ్మా, అన్నీ రాసుకుంటివి కదా, మళ్ళీ ఎప్పుడొచ్చి చెప్తావు?"