బడి పండుగలో తెలుగుకు చోటేది?

చెన్నై, బెంగళూరు నగరాల్లోని కతోలిక బడులకు డిసెంబరు ప్రత్యేకమైన నెల. పిల్లలు పశువుల పాక కడతారు, క్రిస్మస్ గీతాలు సాధన చేస్తారు. దానికి అటూ ఇటూగా ఆటల పోటీలు, వార్షికోత్సవం, పాలక పునీతుని పండుగ వస్తాయి. ఈ సందడిలో హిందూ పిల్లలూ ముస్లిం పిల్లలూ క్రైస్తవ పిల్లలతో సమానంగా పాల్గొంటారు. మతం విషయంలో ఇంత విశాలంగా ఉన్న ఈ వేదికలు భాష విషయంలో ఎందుకు ఇరుకవుతున్నాయన్నదే మన ప్రశ్న.

వార్షికోత్సవం నాడు ఇంగ్లీషు నాటకం ఉంటుంది. రాష్ట్రభాషలో ఒక పాట ఉంటుంది, ఉండవలసిందే. తెలుగు వినిపిస్తే గిస్తే సినిమా పాటగానే వినిపిస్తుంది. ఆ పాటను తెలుగింటి పిల్లలే ఇంగ్లీషు అక్షరాల్లోనో తమిళ లిపిలోనో రాసుకొని, మాటల అర్థం తెలియకుండానే అడుగులు వేస్తున్నారు. చప్పట్లు కొట్టే తల్లిదండ్రులకు ఇది లోపంగా కూడా తోచదు.

తరగతి గదిలో తెలుగు వెనుకబడడానికి చట్టాన్ని చూపవచ్చు. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టం ఒకటో తరగతితో మొదలుపెట్టి 2015-16 నాటికి పదో తరగతి దాకా తమిళాన్ని తప్పనిసరి చేసింది. దానిపై మన పోరాటం వేరు. అయితే బడి పండుగ ఏ భాషలో జరగాలో ఏ చట్టమూ చెప్పలేదు. అక్కడ తెలుగు లేకపోవడానికి కారణం యాజమాన్యాల అలవాటు, మన మౌనం.

ఈ బడులకు రక్షణగా నిలిచిన రాజ్యాంగంలోని 30వ అధికరణం మతాన్నీ భాషనూ పక్కపక్కనే పేర్కొన్నది. అల్పసంఖ్యాకులెవరన్నది రాష్ట్రాన్ని బట్టి నిర్ణయించాలని 2002లో టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ లెక్కన తమిళనాట, కన్నడనాట తెలుగువారూ అల్పసంఖ్యాకులే. ఒకే గొడుగు కింద నిలబడ్డ ఇద్దరిలో ఒకరు మరొకరి నుడిని గేటు బయట నిలపడం సబబేనా? ఆవరణలో ఇంగ్లీషు తప్ప మరేది మాట్లాడినా జరిమానా వేసే బడులు, కతోలికులవే కాదు, ఇంకా ఉన్నాయి.

నిజానికి కతోలిక సంప్రదాయానికి తెలుగు పరాయిది కాదు. 18వ శతాబ్దిలో గాస్తోన్ కేర్దూ అనే ఫ్రెంచి యేసుసభ గురువు తెలుగు నేర్చి నిఘంటువు కూర్చాడు. రెండవ వాటికన్ మహాసభ 1963లో ఆరాధనలో ప్రజల భాషలకు తలుపు తెరిచింది. తెలుగునాట విచారణ దేవాలయాల్లో దివ్యబలిపూజ తెలుగులోనే సాగుతున్నది. దేవుని ముందు పనికివచ్చిన భాష ముఖ్య అతిథి ముందు పనికిరాదా?

ఇక మన సంగతి. బడిలో చేర్చేటప్పుడు దరఖాస్తులో ‘మాతృభాష’ అన్న గడిలో ఎంతమంది తెలుగు అని రాస్తున్నారు? సీటు రాదేమోనన్న భయంతో రాష్ట్రభాష పేరో, గొప్ప కోసం ఇంగ్లీషు పేరో రాసేవారు మనలో తక్కువేమీ కాదు. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు ఏర్పాట్లు చేయమంటున్న 350ఎ అధికరణం మన పేరు మీద కదలాలంటే ముందు మనం కాగితంపై కనబడాలి. తెలుగు పిల్లలే లేరని రికార్డు చెబుతున్నప్పుడు ప్రధానోపాధ్యాయినిని నిందించి ఏం లాభం?

మనం కోరేది చిన్నదే. వార్షికోత్సవంలో పిల్లలు చదివి, అర్థం చేసుకొని ప్రదర్శించే ఒక తెలుగు నాటిక. క్రిస్మస్ గీతాల్లో ఒక తెలుగు కీర్తన. ఆగస్టు 29న ఉదయపు ప్రార్థన సభలో గిడుగు రామమూర్తి గురించి ఐదు నిమిషాలు. బహుమతుల్లో కొన్ని తెలుగు పుస్తకాలు. నాటికకు రచన కావాలన్నా, పిల్లలకు నేర్పే మనిషి కావాలన్నా ఊరి తెలుగు సంఘమే ముందుకు రావాలి. తల్లిదండ్రులు నలుగురైదుగురు కలిసి, వేదిక కార్యక్రమాలు ఖరారయ్యేలోపే యాజమాన్యానికి రాతపూర్వకంగా విన్నవించండి. ఆ లేఖ ప్రతిని, వచ్చిన జవాబును మాకు పంపండి. అవునన్నా కాదన్నా ప్రచురిస్తాం.