పులిని చూపిస్తామని మాట ఇవ్వకండి

సెలవులు దగ్గరపడే కొద్దీ కుటుంబాల నుండి మాకు అందే ప్రశ్నలలో ప్రయాణాలకు సంబంధించినవి పెరుగుతాయి. దారిలో నమాజు ఎలా, భోజనం ఎలా అన్నవి వాటిలో ఎక్కువ. పిల్లలను ఒక జాతీయ ఉద్యానవనానికి తీసుకువెళ్ళి సఫారీ చేయించాలని ఉన్నది, ఏర్పాట్లు ఎలా చేసుకోవాలన్న ప్రశ్న కూడా ఇటీవల వాటితో చేరింది. ఇది సంతోషించదగిన ప్రశ్న. దుకాణాల వెలుగులలో సెలవులు గడిపే కంటే చెట్ల నీడలో రెండు రోజులు గడపడం పిల్లలకు ఎంతో మేలు.

సఫారీ అన్న మాట ఆఫ్రికాలోని స్వాహిలీ భాష నుండి ప్రపంచమంతటా వ్యాపించినదే అయినా, దాని మూలం మనకు పరిచితమైన అరబీ పదం ‘సఫర్’. ప్రయాణమని దాని అర్థం. ప్రయాణానికి మర్యాదలు ఉన్నట్లే సఫారీకీ ఉన్నాయి. వాటిలో మొదటిది బయలుదేరక ముందు, ఇంటిలోనే పాటించవలసినది: పిల్లలకు పులిని చూపిస్తామని మాట ఇవ్వకూడదు.

ఎందుకో చెప్పడానికి మన తెలుగు ప్రాంతాలకు, ముఖ్యంగా తెలంగాణకు దగ్గరగా ఉన్న ఒక అడవిని ఉదాహరణగా తీసుకుంటాము. అది మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో ఉన్న తాడోబా. 1955లో జాతీయ ఉద్యానవనంగా ఏర్పడింది. తరువాత పక్కనే ఉన్న అంధారి అభయారణ్యంతో కలిసి పులుల అభయారణ్యమయింది. నడిమి భాగాన్ని కోర్ అంటారు. అది సుమారు 625 చదరపు కిలోమీటర్లు. చుట్టూ గ్రామాలు, పొలాలు కలిసి ఉన్న బఫర్‌ను కూడా చేర్చితే మొత్తం 1,700 చదరపు కిలోమీటర్లు దాటుతుంది. పులుల అభయారణ్యాల కోర్ భాగంలో ఐదవ వంతుకు మించి పర్యాటకానికి ఉపయోగించరాదని 2012లో వెలువడిన జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంటే మన జీపు తిరిగేది ఆ ఇంటి వరండాలో మాత్రమే. లోపలి గదులు పులివి. అది పగటివేళ ఎక్కువ భాగం నీడలోనో, నీటిలోనో పడుకుని ఉంటుంది. ఎప్పుడు లేస్తుందో, ఏ దారికి వస్తుందో గైడుకు గాని, అటవీ అధికారికి గాని తెలియదు. మన చేతిలో లేనిదానిని మాటగా ఇస్తే, ఆ మాట తీర్చే భారం మరొకరి మీద పడుతుంది.

ఆ భారం ఎవరి మీద పడుతుందో 2024 డిసెంబరు 31న దేశం చూసింది. నాగపూర్‌కు సమీపంలోని ఉమ్రేడ్-పవనీ-కర్హాండ్లా అభయారణ్యంలో ఒక ఆడపులి తన ఐదు పిల్లలతో దారి దాటుతుండగా, సఫారీ వాహనాలు ముందు వెనుకల నిలిచి వాటిని దిగ్బంధించాయి. ఆ దృశ్యాలు బయటకు రాగానే బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం తనంతట తానే విచారణ చేపట్టింది. డ్రైవర్లను, గైడ్లను తాత్కాలికంగా విధుల నుండి తప్పించి, జరిమానాలు విధించారు. వారు తప్పు చేశారనడంలో సందేహం లేదు. అయితే డ్రైవరు తన కోసం పులి వెంటపడడు. వెనుక సీటులో కూర్చున్నవారి తొందర కోసం, దిగేటప్పుడు చేతిలో పెట్టే బక్షీసు కోసం పడతాడు. ఇంకొంచెం దగ్గరికి పోనివ్వమన్న మాట వెనుక సీటు నుండి వస్తుంది. జీవనోపాధి మాత్రం ముందు సీటులోని వానికి పోతుంది. ఇంటిలో పిల్లలకు ఇచ్చిన తేలికపాటి మాట అడవిలో ఒక పేదవాని మీద, ఒక తల్లిపులి మీద ఒత్తిడిగా మారే దారి ఇదే.

మరి పిల్లలకు ఏమి చెప్పాలి? అడవిని చూపిస్తామని చెప్పాలి. ఆ మాటను తప్పక నిలబెట్టుకోగలము. తాడోబాలో టేకు, వెదురు, ఇప్ప, తునికి, నల్లమద్ది చెట్లు ఉన్నాయి. ఆకులు రాలిన కాలంలో తెల్లని బెరడుతో వెన్నెల ముద్దలా నిలిచే తపసి చెట్టు ఉన్నది. చుక్కల దుప్పులు, సాంబర్ అని కూడా పిలిచే కణుజులు, అడవిదున్నలు, మనుబోతులు, ఎలుగుబంట్లు, గుంపుగా వేటాడే రేచుకుక్కలు ఉన్నాయి. తాడోబా చెరువులో మొసళ్ళు ఉన్నాయి. వీటన్నింటిని విడిచి ఒక్క జంతువు కోసం మాత్రమే కళ్ళు వెతికితే, ఎదుట ఉన్నది కనిపించదు.

చూడడం కంటే వినడం నేర్పితే మరింత మేలు. పులి కదలినప్పుడు చెట్టు మీది కొండముచ్చు గొంతు మార్చి అరుస్తుంది. దుప్పి పదునుగా కూత పెడుతుంది. కణుజు కాలు నేలకు తాటించి బొంగురుగా హెచ్చరిస్తుంది. కొండముచ్చు ఎత్తు నుండి చూస్తుంది, దుప్పి నేల మీద వాసన పడుతుంది. ఒకదాని హెచ్చరిక మరొకదానికి రక్షణ. గైడు ఇంజను ఆపించి చెవి ఒగ్గేది ఈ పిలుపుల కోసమే. పులి కనిపించకపోయినా ఆ నిశ్శబ్దంలో పిల్లలు నేర్చుకునేది తక్కువేమీ కాదు.

ఇక ఏర్పాట్ల సంగతి. వర్షాకాలంలో, జూలై నుండి సెప్టెంబరు చివరి వరకు, కోర్ భాగం మూసి ఉంటుంది. మిగిలిన నెలలలో ప్రతి మంగళవారం సెలవు. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు వాతావరణం హాయిగా ఉంటుంది. తెల్లవారుజామున తెరచిన జీపులో చలి మాత్రం గట్టిగా కొడుతుంది. ఏప్రిల్, మే నెలలలో నీటి గుంటల దగ్గరికి జంతువులు చేరుతాయి గనుక అవి కనిపించే అవకాశం ఎక్కువ. అయితే చంద్రపూర్ దేశంలోనే తీవ్రమైన ఎండలకు పేరుపడిన ప్రాంతాలలో ఒకటి. వేసవిలో 45 డిగ్రీలు దాటడం అక్కడ అరుదు కాదు. వృద్ధులను, చంటిపిల్లలను ఆ ఎండలోకి తీసుకుపోరాదని మా అభిప్రాయం. పాఠశాలలకు సెలవులు ఆ నెలలలోనే కదా అనవచ్చు. పెద్దలు, పసివారు ఉన్న ఇంటికి శీతాకాలంలో దొరికే మూడు రోజుల సెలవే చాలు.

ప్రవేశ అనుమతిని మహారాష్ట్ర అటవీశాఖ అధికారిక వెబ్‌సైటులోనే తీసుకోవాలి. కోర్ భాగంలో రోజుకు ఇన్ని వాహనాలే అన్న పరిమితి ఉన్నందున సెలవుదినాల అనుమతులు చాలా ముందుగానే అయిపోతాయి. వారాంతపు రుసుము మామూలు రోజుల కంటే ఎక్కువ. కనుక వారం మధ్యలో వెళ్ళగలిగిన వారికి ఖర్చూ తగ్గుతుంది, రద్దీ కూడా తగ్గుతుంది. అనుమతి రుసుము, జీపు అద్దె, గైడు రుసుము వేర్వేరా, కలిపి ఉన్నవా అన్నది ముందే చూసుకోవాలి. జీపులో ఆరుగురు ప్రయాణించవచ్చు. అనుమతి తీసుకునేటప్పుడు ఇచ్చిన గుర్తింపు కార్డుల అసలు ప్రతులు గేటు దగ్గర చూపవలసి ఉంటుంది; పేరులో అక్షరం తేడా లేకుండా నమోదు చేయాలి. సొంత కారును కోర్ లోపలికి అనుమతించరు.

గేటు ఎంపికలో చాలామంది తడబడతారు. మొహర్లీ గేటు చంద్రపూర్‌కు దగ్గర. కొలారా గేటు నాగపూర్ వైపు నుండి వచ్చేవారికి అనుకూలం. రెండింటి మధ్య రోడ్డు ప్రయాణం తక్కువ దూరమేమీ కాదు. ఒక గేటుకు అనుమతి తీసుకుని, మరొక గేటు దగ్గర బస చేస్తే తెల్లవారుజామున చీకటిలో పరుగులు తప్పవు. ముందు గేటు నిర్ణయించి, ఆ తరువాతనే గది తీసుకోవాలి. కోర్‌లో చోటు దొరకని వారు బఫర్‌లోని ఆగర్జరీ వంటి గేట్లను చూడవచ్చు. పులులు ఆ సరిహద్దును లెక్కచేయవు. సికింద్రాబాద్ నుండి కాజీపేట, మంచిర్యాల, కాగజ్‌నగర్ మీదుగా రైలులో బల్లార్షా చేరవచ్చు. చంద్రపూర్ ఆ పక్కనే. అంత దూరం వెళ్ళలేని కుటుంబాలకు నల్లమలలోని అమ్రాబాద్ అభయారణ్యంలో, ఫరహాబాద్ వద్ద కూడా సఫారీ ఉన్నది.

నమాజు విషయం ప్రత్యేకంగా అడుగుతున్నారు గనుక వివరిస్తాము. హైదరాబాద్, వరంగల్ వంటి ఊళ్ళ నుండి వెళ్ళేవారు అక్కడ ప్రయాణికులే అవుతారు. జుహ్ర్, అస్ర్, ఇషా ఫర్జ్ నమాజులను రెండు రకాతులుగా చేస్తారు. ఫజ్ర్, మగ్రిబ్‌లలో మార్పు లేదు. ఉదయపు సఫారీకి గేటు సూర్యోదయ సమయానికి అటూ ఇటూగా తెరుచుకుంటుంది. గదిలోనే ఫజ్ర్ ముగించుకుని బయలుదేరే వీలు ఏ కాలంలోనైనా ఉంటుంది. కొంచెం ముందు లేవడమే కావలసినది. మధ్యాహ్నపు సఫారీ అలా కాదు. అస్ర్ సమయం అడవిలోనే వస్తుంది. డిసెంబరులో సాయంత్రం 5.30 దాటిన కొద్ది నిమిషాలకే సూర్యుడు అస్తమిస్తాడు. అడవి మధ్యలో జీపు దిగడం నిషిద్ధం, ప్రాణాపాయం కూడా. డ్రైవరును ఆపమని బలవంతపెట్టడం ఎంతమాత్రం తగదు. అందువలన శీతాకాలంలో వెళ్ళే కుటుంబాలు ఉదయపు సఫారీనే ఎంచుకోవడం ఉత్తమం. జంతువులు తిరుగాడే వేళ కూడా అదే.

భోజనం దగ్గర చిక్కు తక్కువ. మాంసం విషయంలో సందేహం ఉంటే అన్నం, పప్పు, కూరగాయలు ఎక్కడైనా దొరుకుతాయి. దుస్తులు మట్టిరంగువి, ఆకుపచ్చవి, మెరుపులు లేనివి మంచివి. గాలికి ఎగిరే దుపట్టాలను, స్కార్ఫులను గట్టిగా కట్టుకోవాలి. దుమ్ముకు ముఖం కప్పుకునే వస్త్రం ఎలాగూ కావాలి. అత్తరు ఆ ఒక్క ఉదయం పూయకపోతే మేలు. వాసనే కన్నూ చెవీ అయిన జీవుల మధ్యకు వెళుతున్నాము. కోర్ లోపలికి సెల్‌ఫోను అనుమతించరు. ఇది పిల్లలకు శిక్షగా కాక, ఇంటిల్లిపాది మూడు నాలుగు గంటలు ఒకరితో ఒకరు కూర్చునే అవకాశంగా చెప్పాలి.

చివరగా, పిల్లలకు తప్పక చెప్పవలసిన సంగతి ఒకటి ఉన్నది. మనం రుసుము చెల్లించి చూడబోయే జంతువు పక్కనే కొందరు ప్రతిరోజూ బ్రతుకుతున్నారు. చంద్రపూర్ అడవులలో పుట్టిన పులులు సరిహద్దు దాటి తెలంగాణలోని కాగజ్‌నగర్, కవ్వాల్ అడవుల వైపు వస్తుంటాయి. 2020 నవంబరులో ఆసిఫాబాద్ జిల్లాలో వేర్వేరు ఘటనలలో ఇద్దరు పులి దాడికి బలయ్యారు. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో రెండు పులులు చనిపోయి కనిపించాయి, విషప్రయోగమని అనుమానించారు. మనం బల్లార్షాకు వెళ్ళే రైలు ఆ ఊళ్ళ పక్క నుండే పోతుంది. పత్తి ఏరడానికి, పశువులను మేపడానికి వెళ్ళే మనిషికి పులి భయం. జీపులోని మనిషికి పులి వేడుక. దేశంలో 2006లో 1,411గా అంచనా వేసిన పులులు 2022 నాటికి 3,682కు చేరాయి. ఆ పెరుగుదల వెనుక అటవీ సిబ్బంది శ్రమతో పాటు, పశువును పోగొట్టుకుని, మనిషిని పోగొట్టుకుని కూడా అడవి పక్కనే ఉండిపోయిన పల్లెల ఓర్పు ఉన్నది.

మన జీపులో కూర్చునే గైడు సాధారణంగా అటువంటి పల్లెవాడే. అతనిని పులిని చూపించే పనివానిగా కాక, తన ఊరి అడవిని పరిచయం చేసే మనిషిగా చూడాలి. పిల్లల చేత అతని ఊరి పేరు అడిగించాలి. ఊరిలో పులి ఎప్పుడైనా పశువును పట్టిందా, రాత్రి పొలం కాపలా ఎలా కాస్తారు అని అడిగించాలి. వాహనాలు గుమిగూడిన చోటికి వద్దు, దూరం నుండే చాలని ముందుగా మనమే చెప్పాలి. ఆ ఒక్క మాటతో అతని మీది ఒత్తిడి తొలగిపోతుంది. బక్షీసు ఇవ్వదలచుకుంటే పులి కనిపించిన రోజున ఎంత ఇస్తారో, కనిపించని రోజునా అంతే ఇవ్వాలి. అతని శ్రమ రెండు రోజులలోనూ ఒక్కటే.

తిరుగు ప్రయాణంలో పులి కనిపించిందా అని బంధువులు ఫోను చేసి అడుగుతారు. ఆ ప్రశ్నకు పిల్లలనే జవాబు చెప్పనివ్వండి. కణుజు ఎలా అరిచిందో, తపసి చెట్టు ఏ రంగులో ఉన్నదో, గైడు ఊరి పేరేమిటో వారు చెప్పగలిగితే, మీరు ఇచ్చిన మాట నిలబెట్టుకున్నట్లే.