విద్య దానం కాదు, ఋణం



గత నెలలో విదేశంలో స్థిరపడిన నా పూర్వవిద్యార్థి ఒకడు ఫోను చేశాడు. కుశలప్రశ్నలయ్యాక ఒక సంగతి చెప్పాడు. ఆఫ్రికాలోని ఒక పల్లెలో పేదపిల్ల చదువుకు అతడు నెలనెలా కొంత సొమ్ము పంపుతున్నాడట. ఆ పిల్ల ఫొటో, స్వహస్తంతో రాసిన ఉత్తరం ఏడాదికొకసారి అతనికి అందుతాయట. "అంత దూరం పంపుతున్నవాణ్ణి, సొంత మండలాన్ని మరిచిపోతే ఎట్లా సార్? మన నర్సింహులపేట తండాల నుంచి బాగా చదివే పాపను ఒకరిని చూడండి. ఫొటో తీసి, ఇంటి పరిస్థితి రాసి పంపండి" అన్నాడు.

"డబ్బు పంపు నాయనా, ఫొటో మాత్రం అడగకు" అన్నాను. అతడు నొచ్చుకున్నాడు. "నా సొమ్ము ఎవరికి చేరిందో నాకు తెలియవద్దా సార్?" అన్నాడు. ప్రశ్న సబబైనదే. అప్పటికప్పుడు సరైన సమాధానం చెప్పలేకపోయాను. ఈ టపా ఆ సమాధానం.

ముందుగా నా తప్పు ఒప్పుకోవాలి. దాదాపు ఇరవై ఏళ్ల క్రితం నేను పనిచేస్తున్న ఉన్నత పాఠశాలకు ఒక దాతృసంస్థ వచ్చింది. ప్రతిభ గల ఒక పేదపిల్లను ఎంపిక చేసి సాయం చేస్తామన్నారు. తొమ్మిదో తరగతి చదువుతున్న ఒక లంబాడా బాలికను మేమే చూపించాము. సభ పెట్టారు, వేదిక కట్టారు, శాలువాలు తెచ్చారు. ఆ పిల్ల తన కుటుంబ దైన్యాన్ని తానే సభలో చదవాలన్నారు. ఆ వ్యాసం రాసి ఇచ్చినవాణ్ణి నేను. తెలుగు పండితుణ్ణి కదా, కరుణరసం పండించాను! తండ్రి తాగుడు, తల్లి కూలి, చినిగిన పుస్తకాలు, అన్నీ పెట్టాను. ఆ పిల్ల ఒకసారి చదువుకొని తలెత్తి, "మా నాయన తాగుతడని చెప్పకుంటే ఇయ్యరా సార్?" అని అడిగింది. "చదువు బిడ్డా, ఏం కాదు" అన్నాను.

ఆమె చదివింది. సభలో ఆ తండ్రి కూడా కూర్చొని ఉన్నాడు. సంచి ఇచ్చారు, పుస్తకాలు ఇచ్చారు, ఫొటో తీసుకున్నారు. సంక్రాంతి దాటి మిరపకాయ ఏరే కాలం వచ్చేసరికి ఆ పిల్ల బడి మానేసింది. తల్లి ఏరడానికి పోతే ఇంట్లో చంటివాణ్ణి చూసే దిక్కు లేదు. తండా నుంచి బడికి నడిచి రావాలి. తోడు వచ్చే ఆడపిల్ల మరొకరు లేరు. ఈ రెండింటిలో ఏ ఒక్కదానికీ ఆ సంచిలో మందు లేదు. ఆమెకు ఏం కావాలో దాతలు అడగలేదు. అంతకంటె సిగ్గుచేటు, రోజూ చూస్తున్న నేనూ అడగలేదు.

దానాన్ని నిందించడం నా ఉద్దేశం కాదు. మన తెలుగునాట ఎందరో పండితులు వారాలు చేసుకొని చదువుకున్నవారే. రోజుకొక ఇంటి అన్నం వారిని నిలబెట్టింది. హైదరాబాదులో రాజా బహదూర్ వెంకటరామిరెడ్డి గారు 1918లో నెలకొల్పిన రెడ్డి హాస్టలు తెలంగాణకు ఒక తరం విద్యావంతులను ఇచ్చింది. అదే నగరంలో భాగ్యరెడ్డివర్మ గారు దళితుల పిల్లలకు బడులు తెరిచారు. వీరందరికీ చేతులు జోడిస్తాను. కాని వారాలు పెట్టిన వాకిళ్లలో తండా పిల్లకు చోటుండేదా? దాత ఎంత ఉదారుడైనా ఆయన కంటికి కనబడినవారికే ఇస్తాడు. కంటికి ఆననివారి సంగతి?

అందుకే రాజ్యాంగ నిర్మాతలు విద్యను దాతల దయకు వదలలేదు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్యను పదేళ్లలో అందించడానికి ప్రయత్నించాలని 45వ అధికరణంలో రాశారు. ఆ గడువు 1960లోనే ముగిసింది. ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో 1993లో సుప్రీంకోర్టు దీనిని ప్రాథమిక హక్కు అన్నది. 2002లో 86వ సవరణ, 2009లో చట్టం, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు. పదేళ్ల మాట నిలబడడానికి అరవై ఏళ్లు పట్టింది. అయినా ఆ చట్టం ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల వరకే, అంటే ఎనిమిదో తరగతి దాకానే. నా విద్యార్థిని బడి మానిన తొమ్మిదో తరగతి నేటికీ దాని గీతకు అవతలే ఉన్నది.

ఆఫ్రికా మాట వచ్చింది కనుక అక్కడి సంగతే చెబుతాను. కెన్యాలో 2003 జనవరిలో ప్రభుత్వం ప్రాథమిక పాఠశాలల రుసుము రద్దు చేసింది. ఆ ఒక్క ఏడాదిలో పదిలక్షలకు పైగా పిల్లలు కొత్తగా బడికి వచ్చారు. ఎనభై నాలుగేళ్ల కిమానీ మరూగే అనే వృద్ధుడు కూడా 2004లో ఒకటో తరగతిలో చేరాడు. గదులు చాలలేదు, ఉపాధ్యాయులు చాలలేదు, అది వేరే కష్టం. కాని అంతమంది పిల్లలను ఒక్కొక్క ఫొటో, ఒక్కొక్క ఉత్తరం చొప్పున బడికి తేవడానికి ఎన్ని తరాలు పట్టేది? ఒక్క అడ్డుగోడ తొలగించేసరికి వాళ్లంతట వాళ్లే వచ్చారు.

మన దగ్గర కూడా ఉదాహరణ లేకపోలేదు. చరిత్రకారులు మామిడిపూడి వెంకటరంగయ్య గారి పేరిట ఏర్పడిన ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పనిచేసింది. దానిని నడిపించిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. వారు పట్టుకున్న సూత్రం ఒక్కటే: బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే. తెలివైన పిల్లను ఏరుకోలేదు. పశువులు కాసేవారినీ, పత్తిచేలలో పనిచేసేవారినీ శిబిరాలకు తెచ్చి, వయసుకు తగిన తరగతికి సిద్ధం చేసి, ప్రభుత్వ బడిలోనే చేర్పించారు. పేదరికం వల్లనే పిల్లలు బడికి రారన్న మన సోమరి నమ్మకాన్ని వారు పనితో ఖండించారు.

"అయితే ప్రభుత్వం కళ్లు తెరిచేదాకా పిల్లలు కాచుకొని కూర్చోవాలా?" అని మీరడగవచ్చు. కూర్చోనక్కరలేదు. ఇవ్వండి, తప్పక ఇవ్వండి. అయితే ఒక పిల్లను ఏరుకోకుండా ఒక బడికి ఇవ్వండి. చట్టం విడిచిపెట్టిన తొమ్మిది, పది తరగతులకు ఇవ్వండి. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడపిల్లలకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం. బస్సే రాని తండాకు ఆ ఉచితం ఏం చేయగలదు? అక్కడ ఒక ఆటోకు ఇవ్వండి. మిరప ఏరే మూడు నెలలు చంటిపిల్లలను చూసుకునే ఒక అవ్వకు జీతం ఇవ్వండి. బాగా చదివే ఒక్కరిని ప్రైవేటు బడికి తరలించి, మిగిలిన నలభైమందికి 'మీరు పనికిరారు' అని చెప్పకండి. లెక్క అడగండి, రసీదు అడగండి, హాజరుపట్టిక అడగండి. పిల్ల కన్నీటిని మాత్రం రసీదుగా అడగకండి.

మన పెద్దలు మూడు ఋణాలు చెప్పారు. వాటిలో ఋషిఋణం చదువుతో తీరేది. ఆ శాస్త్రాలు చదివినవారే తండా పిల్లను అక్షరానికి ఆమడ దూరంలో ఉంచారని నాకు తెలుసు. అయినా ఆ మాట మంచిది, వదులుకోను. దానం చేసినవాడు పై మెట్టు మీద నిలబడతాడు. అప్పు తీర్చేవాడు తలవంచుకొని ఇచ్చి వెళతాడు. నేను ప్రభుత్వ వసతిగృహంలో, జనం కట్టిన పన్నులతో చదువుకున్నాను. నా ఫొటో ఎవరూ అడగలేదు. నా తండ్రి పేదరికాన్ని నేను ఏ సభలోనూ చదవలేదు. అందుకే నేటికీ తలెత్తుకొని తిరుగుతున్నాను. నాకు దక్కిన ఆ మర్యాదను నా విద్యార్థినికి దక్కకుండా చేసినవాణ్ణి నేనే.

ఆ అమ్మాయి ఈ మధ్య తొర్రూరు బజారులో కనిపించింది. "నమస్తే సార్" అన్నది. పక్కన బడిదుస్తుల్లో కూతురు. ఎన్నో తరగతి అని అడిగితే తొమ్మిది అన్నది. ఆ వ్యాసం సంగతి ఆమె ఎత్తలేదు. క్షమించమని అడగడానికి నాకు నోరు రాలేదు.

నాయనా, నువ్వు ఇది చదువుతావని తెలుసు. ఆ తొమ్మిదో తరగతిలో ముప్పైమంది ఉన్నారు. లెక్క నేను రాసి పంపుతాను. ఫొటో పంపను.