ప్రయోగశాలాధిపతియే పూచీ వహింపవలెను

పరిశోధనాలయమున ప్రమాదము జరిగినదని విన్నంతనే మన నోట మొదట వెలువడు మాట "ఆ కుర్రవాడు జాగ్రత్తగా నుండవలసినది" అనునది. ఈ మాటలో కొంత నిజమున్నది గనుకనే దీనివలన కీడెక్కువ. ఏలయనగా అంతటితో విచారణ ముగిసి, ఆ కుర్రవానికి పని నప్పగించినవారు నేర్పినదేమి, సమకూర్చినదేమి అను ప్రశ్న మరుగున పడిపోవును. రసాయన ప్రయోగశాలలో ప్రాణరక్షణకు ప్రథమ బాధ్యుడు శాలాధిపతి, ద్వితీయ బాధ్యురాలు సంస్థ, ఆ పిమ్మటనే విద్యార్థియని నా దృఢవిశ్వాసము.

అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాల ఆచార్యురాలు కేరెన్ వెటర్‌హాన్ విషలోహముల స్వభావమును శోధించుటయందే జీవితమును వినియోగించిన విదుషి. 1996 ఆగస్టు 14న ఆమె విషవాయువులను లాగివేయు ఫ్యూమ్ హుడ్ క్రింద, చేతులకు లేటెక్స్ తొడుగులు ధరించి, పాదరసపు విషద్రవమైన డైమిథైల్ మెర్క్యురీని తీయుచుండగా చుక్కయో, కొన్ని చుక్కలో తొడుగుపై పడినవి. కొన్ని మాసములకు నడక తడబడి, మాట ముద్దయై, చూపును వినికిడియు సన్నగిల్లి, 1997 జూన్ 8న ఆమె కన్నుమూసినది. ఆ ద్రవము అట్టి తొడుగును 15 సెకన్లలోపుననే దాటిపోవునని పరీక్షలు తేల్చినది ఆ ప్రమాదము పిమ్మటనే. అంతటి నిపుణురాలు, నాటికి తెలిసిన నియమముల ననుసరించియు మరణించినదన్నచో, ఏ తొడుగు ఏ రసాయనము నాపగలదో ముందే పరీక్షించి చెప్పు యేర్పాటు లేనిచోట వ్యక్తి జాగ్రత్త యెంతవరకు నిలువగలదు?

నియమము తెలిసియు అమలుపరుపనిచో నేమగునో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున జరిగిన దుర్ఘటన తెలుపును. టెర్షియరీ బ్యూటైల్ లిథియం గాలి సోకినంతనే మండు పదార్థము. 2008 డిసెంబరు 29న, 23 ఏండ్ల పరిశోధన సహాయకురాలొకతె దానిని సిరంజితో తీయుచుండగా లోపలి దండము ఊడివచ్చి, ద్రవము భగ్గుమని, ఆమె కృత్రిమనూలు స్వెటరునకు మంట యంటుకొనినది. ఒంటిపై ల్యాబ్ కోటు లేదు. 18 దినములకు ఆమె ప్రాణములు విడిచినది. ఆ శాలలో కోట్లు ధరించుటలేదని సుమారు రెండు నెలల ముందటి తనిఖీలోనే వ్రాసిరి. ఆ లోపము దిద్దబడకమునుపే ప్రాణము పోయినది. అచటి ప్రభుత్వ న్యాయవాదులు శాలాధిపతియైన ఆచార్యునిపైనను క్రిమినల్ అభియోగము మోపిరి; అది 2014లో ఒప్పందముతో ముగిసినను, పూచీ యెవరిదను ప్రశ్న మాత్రము ప్రపంచమంతట ప్రయోగశాలలకు చేరినది.

మన దేశమునకును ఈ దుఃఖము క్రొత్త గాదు. 2018 డిసెంబరు 5న బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సిలిండరు పేలి యొక పరిశోధకుడు మరణించెను, మువ్వురు గాయపడిరి. పెద్ద సంస్థల మాట యటుంచి, సామాన్య కళాశాలలోని ఈథరు సీసానే చూడుడు. మూత తీసిన పిమ్మట గాలి తగిలి అందులో పెరాక్సైడులు పుట్టుచుండును. ఏండ్ల తరబడి మూలపడిన సీసా మూతచుట్టు స్ఫటికములు గట్టియున్నచో మూత త్రిప్పుటయే విస్ఫోటనమునకు చాలును. తెరచిన తేదీని సీసాపై వ్రాసి, గడువు దాటిన దానిని నిపుణులచే తొలగింపజేయుటకు కావలసిన వ్యయమెంత? నత్రికామ్లపు వ్యర్థమున్న సీసాలో ఎసిటోన్ పోసి బిరడా బిగించినచో కొంతసేపటికి సీసా పగులును. వ్యర్థములకు వేర్వేరు సీసాలు, వానిపై చదువనగు చీటీలు ఉన్నచో ఆ ప్రమాదమే లేదు. ఫ్యూమ్ హుడ్‌ను సీసాలతో నింపి అల్మారాగా మార్చినచో విషవాయువు లోనికి లాగబడుటకు దారి యుండదు. ఇవన్నియు ప్రతిదినము శాలను నడుపువారి కంటబడునవే.

అమెరికాలో 1990 నాటి నిబంధన ప్రకారము ప్రయోగశాలలకు లిఖితపూర్వకమైన రసాయన భద్రతా ప్రణాళికయు, దానికి బాధ్యుడైన అధికారియు ఉండవలెను. మనకు 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము మొదలుకొని పారిశ్రామిక భద్రతా శాసనములు ప్రధానముగా ఉత్పత్తి జరుగు స్థలముల నుద్దేశించి పుట్టినవి. విద్యాలయ ప్రయోగశాలయందు ఆ శ్రద్ధ కానరాదు. హైదరాబాదు, విశాఖ పరిసరముల ఔషధ కర్మాగారములకు రసాయనశాస్త్ర పట్టభద్రులను పంపుచున్న మన రాష్ట్రములకు ఇది మరింత ముఖ్యము. ల్యాబులో అలవడిన నడవడియే రేపు రియాక్టరు ప్రక్కన నిలుచును.

కావున విశ్వవిద్యాలయములు చేయదగిన పనులు కొన్ని గలవు. ప్రమాదకర ప్రక్రియను శాలాధిపతి స్వయముగా చేసి చూపి, సంతకము చేసిన పిమ్మటనే విద్యార్థి దాని జోలికి పోవలెను. రాత్రివేళ ఒంటరిగా పనిచేయుట నిషేధింపవలెను. ప్రయోగమును ఆపివేయు అధికారము, ఎంతటి ఆచార్యునికైనను ఎదురుచెప్పగల స్వాతంత్ర్యము భద్రతాధికారికుండవలెను. తృటిలో తప్పిన ప్రమాదమును తెలిపిన విద్యార్థికి మందలింపు గాక మన్నన దక్కవలెను. భయపడి దాచిన చిన్న మంటయే పెద్ద మంటకు హేతువగును. పరిశోధనకు నిధులిచ్చు సంస్థలు రసాయనములకు, పరికరములకు వలెనే భద్రతకును ప్రత్యేకముగా ధనము కేటాయించి, దాని లెక్క అడుగవలెను. విద్యార్థి పత్రమున తన పేరు చేర్చుకొను అధికారము గల ఆచార్యునికి, ఆ విద్యార్థి ప్రాణమునకు పూచీపడు ధర్మమును తప్పక యుండవలెను.