బొమ్మల కథకు వారానికి ఒక పూట

"ఆర్డర్లు వేస్తే నాలుగు డబ్బులొస్తాయి, ఊరికే ఫోన్లో ఆ కథలెందుకమ్మా?" బొమ్మలు వేసే ఆడపిల్ల ఉన్న ఇంట్లో ఈ మాట వినపడకుండా ఉండదు. మా ఆడపడుచు కూతురు వారం వారం ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక బొమ్మల కథ పెడుతుంది. అత్తా కోడళ్లు, వాళ్ల మధ్య ఒక పిల్లి. దానికి పైసా రాదు. పెళ్లి జంటల బొమ్మలు, గృహప్రవేశం కార్డులు, గోడకు తగిలించే పటాలు వేసిస్తే మాత్రం వస్తుంది. అందుకే పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే ముందు ఆగిపోయేది కథే.

నన్నడిగితే ఆగకూడనిది అదే. ఆర్డరిచ్చే వాళ్లలో సగం మంది "ఆ పిల్లి బొమ్మలు వేసే అమ్మాయేనా?" అంటూ వస్తున్నారు. ఆ పిల్లే లేకపోతే ఈ పిల్ల ఎవరో వాళ్లకేం తెలుసు? రొయ్యల గుంటలో మేత చల్లేటప్పుడు ఈ పూటకెంత వచ్చిందని ఎవరూ అడగరు. లెక్క చూసేది పట్టుబడి నాడే. బొమ్మల కథ కూడా అలాంటి మేతే.

మనకు దగ్గర్లోని శ్రీకాళహస్తినే చూడండి. అక్కడి కలంకారీలో రామాయణం, భారతం గళ్లు గళ్లుగా గీసి, బొమ్మల వెంట తెలుగులో కథ రాస్తారు. కామిక్ అన్న మాట మనం వినకముందే ఉన్న బొమ్మల కథ అది. ఇప్పుడు ఎక్కువగా అమ్ముడుపోయేవి చీరలు, దుపట్టాలు. కానీ ఆ చీరకు విలువ తెచ్చిపెట్టింది కథ గీసిన చెయ్యే. అమెరికాలో ర్యాండల్ మన్రో 2005లో ఎక్స్‌కేసీడీ అనే కామిక్‌ను నెట్‌లో మొదలుపెట్టారు. ఈనాటికీ చదవడం ఉచితమే. ఆ బొమ్మలతో టీషర్టులు అమ్మారు, తర్వాత పుస్తకాలు వేశారు. ఇల్లు గడిచింది వాటితో.

మన బాపు గారు కార్టూన్లు వేశారు, పుస్తకాలకు ముఖచిత్రాలు గీశారు, 1967లో 'సాక్షి'తో సినిమా దర్శకులయ్యారు. అయినా గీత వదల్లేదు. అన్ని పనులూ ఒక్కరే ఎలా చేశారని మనం ఆశ్చర్యపోతాం. మన ఇంటి ఆడపిల్ల అదే పని చేస్తే "ఏదో ఒకటి సరిగ్గా చెయ్యి" అంటాం. మగపిల్లాడు గీసుకుంటుంటే టీ తెచ్చి పక్కన పెడతాం, ఆడపిల్ల గీసుకుంటుంటే లేచి టీ పెట్టమంటాం. ఆమెకు సమయం చాలకపోవడానికి ఆర్డర్లు ఒక్కటే కారణం కాదు.

డబ్బు వద్దని నేననను. రంగులకు, ట్యాబ్‌కు, కరెంటుకు అన్నిటికీ డబ్బే కావాలి. అందుకే ముందు లెక్క సరిచేసుకోవాలి. బొమ్మకు పట్టే గంటలు కూడా ధరలో పడాలి. సగం అడ్వాన్సు చేతికి రానిదే పెన్సిల్ పట్టకూడదు. చుట్టాలకైనా సరే "ఊరికే ఒకటి వేసివ్వు" అన్న మాట చెల్లకూడదు. నెలకు ఇన్నే ఆర్డర్లని గీత గీసుకోవాలి. వారం వారం కథ కుదరకపోతే పదిహేను రోజులకొకటి వేసినా చాలు. ఫలానా రోజు వస్తుందని చదివేవాళ్లకు తెలిస్తే ఎదురుచూస్తారు. ఎప్పుడొస్తుందో తెలియని కథను మాత్రం మరిచిపోతారు.

ఇంట్లోవాళ్లు చేయాల్సింది ఒక్కటే. వారంలో ఒక పూట ఆ పిల్లను పిలవకండి. చుట్టాలొచ్చినా, గ్యాస్ బండ వచ్చినా తలుపు మనమే తీద్దాం. ఆర్డరు బొమ్మ కొన్నవాళ్ల గోడ మీదికి వెళ్లిపోతుంది. అత్తా కోడళ్లూ, ఆ పిల్లీ మాత్రం ఎప్పటికీ ఆమెవే. రేపు పెళ్లై ఏ ఊరు వెళ్లినా వెంట తీసుకెళ్లగలిగే ఆస్తి అది.